విలేకరులతో మంచిగా ఉండటం ఎలా: నల్గొండ, పాలమూరు పీఆర్ వాళ్ల కోసం

ఆస్పత్రిలోనో, ఇంజినీరింగ్ కాలేజీలోనో, మిల్లర్ల సంఘంలోనో, ఎన్జీవోలోనో మీ పని మీరు చేసుకుంటుంటే ఒకరోజు పెద్దసారు పిలిచి "ఇక నుంచి ప్రెస్ వాళ్లను నువ్వే చూసుకో" అన్నారనుకోండి. మన జిల్లాల్లో పీఆర్, అంటే పౌర సంబంధాల ఉద్యోగం చాలామందికి ఇలాగే మీద పడుతుంది. ట్రైనింగ్ ఉండదు, సరైన నంబర్లు ఉండవు, పాత ఫైల్లో నాలుగు ప్రెస్ నోట్లు, ఎవరివో విజిటింగ్ కార్డులు, అంతే. హైదరాబాద్ ఏజెన్సీల పద్ధతులు, అంటే మెయిల్ పంపడం, రెండు రోజులాగి గుర్తుచేయడం, మీడియా కిట్ ఇవ్వడం, ఇవేవీ ఇక్కడ పెద్దగా నడవవు. దేవరకొండలోనో మక్తల్‌లోనో ఉన్న విలేకరికి మీ మెయిల్ తెరిచి చదివే తీరిక ఎక్కడిది? ఆయన రోజు ఎట్లా గడుస్తుందో మీకు తెలిసి, ఆ రోజును మీరు ఇంకాస్త కష్టం చేయకుండా ఉంటే చాలావరకు పని అయినట్టే. నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మీ ఊరు ఏ పేజీలోకి వస్తుందో ముందు చూసుకోండి

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. తెలుగు పేపర్లకు జిల్లా పేజీలు వేరుగా ఉంటాయి, 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక ఆ పేజీలూ విడిపోయాయి. పాత నల్గొండ ఇప్పుడు నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. పాత పాలమూరు అయితే మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, ఆ తర్వాత 2019లో నారాయణపేట కూడా వేరుపడింది. కోదాడలో మీ బ్రాంచి ఓపెనింగ్ వార్తను నల్గొండ విలేకరికి పంపితే పాపం ఆయన చేసేదేమీ లేదు, అది సూర్యాపేట పేజీది. మునుగోడు నల్గొండలోనే ఉంది, దాని పక్కనున్న చౌటుప్పల్ యాదాద్రికి పోయింది. షాద్‌నగర్ ఒకప్పుడు పాలమూరు, ఇప్పుడు రంగారెడ్డి. కొడంగల్ సంగతి ఇంకా తమాషా, నియోజకవర్గం ఒకటే గానీ కొడంగల్ వికారాబాద్ జిల్లాలో ఉంటే కోస్గి, మద్దూరు నారాయణపేట జిల్లాలో ఉన్నాయి.

అందుకని కొన్నాళ్లు పేపర్లు తెప్పించుకుని కూర్చోండి. ఈనాడు, సాక్షి, ఆంధ్రజ్యోతి, నమస్తే తెలంగాణ, వెలుగు, నవ తెలంగాణ, మన తెలంగాణ, ఏవి మీ ఊళ్లో చదువుతారో అవన్నీ. మెయిన్ పేపర్ పక్కనపెట్టి జిల్లా పేజీలు చదవండి, అది కూడా హెడ్డింగ్ దగ్గర ఆగకుండా వార్త మొదట్లో ఉండే ఊరి పేరు, బైలైన్ అంటే రాసినవాళ్ల పేరు, ఫొటో కింద రాసిన రెండు ముక్కలు, అన్నీ. ఎవరు సాగునీటి మీద పట్టుగా రాస్తున్నారు, ఎవరు స్కూళ్ల మీద, ఎవరికి మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ బాధితుల సంగతులు బాగా తెలుసు, మీకే అర్థమవుతుంది. పేపర్ చదవకుండా విలేకరికి ఫోన్ చేసేవాళ్లను వాళ్లు మొదటి నిమిషంలోనే పట్టేస్తారు.

ఆయన ఉద్యోగం ఎట్లాంటిదో తెలుసుకోండి

మండలంలో ఉండే విలేకరుల్లో ఎక్కువమంది కంట్రిబ్యూటర్లు. నెల జీతం అనేది ఉండదు, అచ్చయిన వార్తల కొలతను బట్టి ఎంతో కొంత లైన్ అకౌంట్ వస్తుంది, అది పెట్రోలుకు కూడా సరిపోదని వాళ్లే చెప్తారు. అందుకే ఒకాయనకు జిరాక్స్ షాపు ఉంటుంది, ఇంకొకాయన ఇన్సూరెన్స్ పాలసీలు చేయిస్తుంటాడు, ఇంకొకరు ప్రైవేట్ స్కూల్లో పాఠం చెప్పి మధ్యాహ్నం తర్వాత వార్తల మీద పడతారు. దీనికి తోడు పేపర్ వార్షికోత్సవానికో, ఆగస్టు 15కో, జూన్ 2కో యాడ్ టార్గెట్ నెత్తిన ఉంటుంది. ఆ పైన నియోజకవర్గ ఇన్‌చార్జి, జిల్లా కేంద్రంలో స్టాఫ్ రిపోర్టర్, బ్యూరో ఇన్‌చార్జి, వీళ్లందరి అవతల ఎక్కడో డెస్క్‌లో వార్తలు దిద్దే సబ్ ఎడిటర్లు. టీవీకి వేరే మనుషులు, వాళ్లలో స్ట్రింగర్‌కు చాలా చోట్ల స్టోరీకి ఇంత అని లెక్క.

ఇదంతా ఎందుకంటే, మీ వార్త చిన్నగా వచ్చిందనో హెడ్డింగ్ బాగాలేదనో మండల విలేకరి మీద కస్సుమనే ముందు ఒక్క క్షణం ఆగుతారని. హెడ్డింగ్ పెట్టేది డెస్క్. ఇరవై లైన్లను ఆరు లైన్లకు కోసేది డెస్క్. ఆఖరి నిమిషంలో యాడ్ వచ్చి పడితే మీ వార్త మొత్తం ఎగిరిపోతుంది, దానికీ ఆయనకూ ఏ సంబంధం లేదు. "ఎందుకు రాలేదన్నా" అని అడగడం తప్పేం కాదు, రోజూ అడగడం తప్పు.

ఇంకో సంగతి. మిగతా పేపర్లన్నిట్లో వచ్చిన వార్త తన పేపర్లో రాకపోతే పొద్దున్నే ఆయనకు ఫోన్ వస్తుంది, ఎందుకు మిస్సయిందని. మీరు పది మందికి పంపి ఒకరిని మర్చిపోతే ఆ ఒక్కరి పొద్దు మీరే పాడు చేసినట్టు. కావాలని చేయలేదని ఆయనకు నమ్మకం కుదరడానికి చాలా కాలం పడుతుంది.

వార్త లేని రోజు వెళ్లి కలవండి

మొదటిసారి కలవడం ప్రెస్ నోట్ చేతిలో పట్టుకుని కాకూడదు. ఊరికే వెళ్లండి. నల్గొండలో అయినా మహబూబ్‌నగర్‌లో అయినా వాళ్లు కూడే చోట్లు ఉంటాయి, ప్రెస్ క్లబ్బో, కలెక్టరేట్ దగ్గరి చాయ్ హోటలో, మండలంలో అయితే తహసీల్దార్ ఆఫీసు ఎదురుగానో. చాయ్ తాగుతూ మీరెవరో, మీ సంస్థలో ఏ విషయం మీరు చెప్పగలరో, ఏది చెప్పలేరో నిజం చెప్పండి. తర్వాత అడగాల్సినవి మూడే: వార్త ఏ టైమ్ లోపు కావాలి, ఎట్లా పంపాలి, మా రంగంలో మీకు ఏ సంగతులు పనికొస్తాయి. ఆ మూడో దానికి వచ్చే జవాబు జాగ్రత్తగా వినండి, చాలాసార్లు మీ ఆఫీసులో ఎవరూ వార్త అనుకోనిదే ఆయనకు వార్త.

పిలుపు దగ్గర జాగ్రత్త. మొదట్లో పేరు పక్కన గారు, లేదంటే సార్, మేడమ్. పరిచయం కుదిరాక అన్నా, అక్కా అనేది దానంతట అదే వస్తుంది, మన దగ్గర అది మర్యాదే. వయసులో చిన్నవాడని పది మందిలో "ఏం తమ్మీ, మన వార్త ఏమైంది" అనకండి, ఇద్దరే ఉన్నప్పుడు తమ్మీ వేరు, ప్రెస్‌మీట్‌లో తమ్మీ వేరు. సీనియర్లతో కూర్చుంటే పాత ముచ్చట్లు వస్తాయి, వినండి. నల్గొండ నుంచి 1922లోనే షబ్నవీసు వెంకట రామ నరసింహారావు నీలగిరి పత్రిక నడిపారు, 1926లో హైదరాబాద్‌లో గోలకొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డిది పాలమూరు జిల్లా. ఈ సంగతులు మీకు తెలుసని తెలిస్తే ముసలాయన ముఖం వెలిగిపోతుంది, నాకది చూడటం ఇష్టం కూడా.

అసలు విలేకరి, చానల్ లోగో పట్టుకున్న ప్రతి ఒక్కరూ ఒకటి కాదన్నది కూడా నిజమే. అనుమానం ఉంటే జిల్లా పౌర సంబంధాల అధికారి, అదే డీపీఆర్వో ఆఫీసులో అడిగితే అక్రిడిటేషన్, అంటే ప్రభుత్వ గుర్తింపు ఉన్నవాళ్ల సంగతి తెలుస్తుంది. అలాగని యూట్యూబ్ చానల్ వాళ్లను చిన్నచూపు చూడకండి, కొన్ని మండలాల్లో పేపర్ కంటే వాళ్ల వీడియోనే ముందు ఊళ్లో తిరుగుతుంది. బెదిరించడానికి వచ్చేవాడు ఎవరో రెండు మాటల్లో తెలిసిపోతుంది, వాడికి ఏ కార్డు ఉన్నా ఒకటే.

ప్రెస్ నోట్ ఆయన పని తగ్గించాలి

మన దగ్గర వచ్చే ప్రెస్ నోట్లలో చాలావరకు ఇట్లా ఉంటాయి: "స్థానిక ఆస్పత్రి ఆధ్వర్యంలో ఆదివారం నిర్వహించిన ఉచిత మెగా కంటి వైద్య శిబిరానికి విశేష స్పందన లభించింది. ఈ సందర్భంగా చైర్మన్ మాట్లాడుతూ పేద ప్రజలకు సేవ చేయడమే తమ ధ్యేయమని పేర్కొన్నారు. ఈ కార్యక్రమంలో ఫలానా ఫలానా తదితరులు పాల్గొన్నారు." ఇందులో వార్త ఎక్కడుంది? ఎంతమంది వచ్చారో లేదు, ఏం తేలిందో లేదు, చదివినవాళ్లు ఏం చేయాలో లేదు. ఇది చైర్మన్‌గారి కోసం రాసిన నోట్, పేపర్ కోసం రాసింది కాదు.

అదే సంగతిని ఇట్లా రాయండి, అంకెలు ఉదాహరణకే: "చండూరులో ఆదివారం కంటి పరీక్షలు చేయించుకున్న 180 మందిలో 42 మందికి శుక్లాలు ఉన్నట్టు డాక్టర్లు గుర్తించారు. వీరికి బుధవారం నుంచి నల్గొండలో ఉచితంగా ఆపరేషన్లు చేస్తారు. తోడు వచ్చేవాళ్లు లేని వృద్ధుల కోసం ఉదయం 8 గంటలకు బస్టాండ్ దగ్గర నుంచి వాహనం ఉంటుంది. ఆధార్ కార్డు, పాత మందుల చీటీ తెచ్చుకోవాలి." చైర్మన్ మాట కావాలంటే చివర్లో ఒక్క వాక్యం, అది కూడా ఏదైనా చెప్పే వాక్యం. వచ్చే నెల ఇదే శిబిరం ఏ ఊళ్లో పెడతారో ఆయన నోట చెప్పించండి, సేవాభావం గురించి కాదు. చైర్మన్‌కు కోపం వస్తుందని మీ భయం నాకు తెలుసు. రెండు నోట్లూ పంపి ఏది అచ్చయిందో చూపించండి, ఆయనకు అర్థమవుతుంది, లేదా సగం అర్థమవుతుంది.

ఇక పంపే తీరు. చాలామంది లెటర్‌హెడ్ మీద ప్రింట్ తీసి, సంతకం పెట్టి, దాన్ని సెల్‌తో ఫొటో కొట్టి వాట్సాప్ గ్రూపులో పెడతారు. విలేకరి అది చూసి మళ్లీ మొత్తం టైప్ చేసుకోవాలి, అదీ రోడ్డు పక్కన బండి ఆపుకుని. పీడీఎఫ్ పెట్టినా అదే బాధ. డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్‌లో టైప్ చేసిన ఫైలైతే ఫోన్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. ఫోన్‌లో మామూలుగా కనిపించే యూనికోడ్‌లో టైప్ చేసి మామూలు మెసేజ్‌లా పంపండి, ఆయన కాపీ చేసుకుని నాలుగు మాటలు మార్చి డెస్క్‌కు పంపేస్తాడు. లెటర్‌హెడ్ కాపీ కావాలంటే దాని వెనకాల విడిగా పంపండి.

పేర్లు ఇంటిపేరుతో, హోదాతో, ఒక్కసారి సరిచూసి రాయండి. ఊరి పేరు పక్కన మండలం పేరు తప్పనిసరి, ఒకే పేరున్న ఊళ్లు మన దగ్గర ఎన్నో. ఫోన్ ఎత్తే మనిషి నంబర్ కింద రాయండి, ల్యాండ్‌లైన్ కాదు.

ఫొటో సంగతి వేరే చెప్పాలి. ఫ్లెక్సీ ముందు పన్నెండు మంది వరసగా నిలబడి బొకేలు పట్టుకున్న ఫొటోను ఏ డెస్కూ ఇష్టంగా వాడదు. సింగిల్ కాలమ్‌లోకి కుదిస్తే ముఖాలు ఆవగింజలంత అవుతాయి. ఒక ముసలమ్మ కంటికి డాక్టర్ టార్చ్ వేసి చూస్తున్న ఫొటో, ఇద్దరి ముఖాలూ కనిపించేట్టు, వెలుతురు వైపు నిలబడి తీసింది ఒక్కటి చాలు. తీసే ముందు ఆమెను అడగండి, పేపర్లో వస్తుందని చెప్పండి, ఒప్పుకుంటేనే తీయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు పోతుంది. ఫొటోలో ఎవరెవరో ఎడమ నుంచి వరసగా రాసి పంపండి. టీవీ వాళ్లకు అడ్డంగా తీసిన చిన్న చిన్న వీడియో ముక్కలు, ఒక బైట్, అంటే కెమెరా ముందు చెప్పిన చిన్న మాట. పది నిమిషాల ఉపన్యాసం మొత్తం పంపితే ఎవరూ చూడరు.

టైమ్ చూసుకోండి

మండల విలేకరి సాయంత్రానికల్లా వార్తలు పంపేయాలి, చీకటి పడ్డాక జిల్లా పేజీలు వరసగా మూసేస్తుంటారు. ఏ పేపర్ ఎప్పుడు మూస్తుందో వాళ్లనే అడగండి. పొద్దున జరిగిన ప్రోగ్రాం నోట్ మధ్యాహ్నం భోజనాల టైమ్‌కు వాళ్ల దగ్గర ఉంటే మంచిది, రాత్రి తొమ్మిదికి పంపి పొద్దున పేపర్లో వెతుక్కోవడం అత్యాశ.

ప్రెస్‌మీట్ పెట్టాలంటే సోమవారం పొద్దున వద్దు. ఆ రోజు కలెక్టరేట్‌లో ప్రజావాణి, జిల్లా కేంద్రం విలేకరులు సగం మంది అక్కడే ఉంటారు, అర్జీలతో వచ్చిన జనంలో వాళ్లకు బోలెడు వార్తలు. వానాకాలంలో కృష్ణకు వరద వచ్చి జూరాల నిండి, శ్రీశైలం దాటి, సాగర్ 26 గేట్లు ఎత్తుతారనే రోజు నల్గొండలో మీ కొత్త స్కానింగ్ మెషిన్ ఓపెనింగ్‌కు ఫొటోగ్రాఫర్ దొరకడు, ఆశ వదులుకోండి. చెర్వుగట్టు బ్రహ్మోత్సవాలు, కురుమూర్తి జాతర, మన్యంకొండ జాతర రోజులూ అంతే. పండగ మర్నాడు పేపర్ రాని రోజులు కూడా ఉంటాయి, క్యాలెండర్ మీద గుర్తుపెట్టుకోండి. మిర్యాలగూడ మిల్లుల వైపు పనిచేసేవాళ్లయితే వడ్ల కొనుగోళ్ల సీజన్‌లో విలేకరులు మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు, మిల్లు ముందు ట్రాక్టర్లు ఎన్ని ఆగాయి, ఎందుకు ఆగాయి, వడ్లు దించడం ఎప్పటికి అవుతుంది అని. ఆ లెక్క ఆ పూటకు మీ చేతిలో ఉండాలి. లేదంటే రైతు చెప్పిందే వస్తుంది, రావడంలో తప్పూ లేదు.

అసలు ప్రెస్‌మీట్ అవసరమా అని కూడా ఆలోచించండి. వాళ్లకు అడగడానికి ప్రశ్నలుండే విషయమైతేనే పిలవండి. మెసేజ్‌తో అయ్యేదానికి ఇరవై మందిని ఎండలో రప్పించకండి. పిలిస్తే చెప్పిన టైమ్‌కు మొదలుపెట్టండి, లోగోలు పెట్టుకోవడానికి బల్ల మీద చోటు, చార్జింగ్‌కు ప్లగ్గులు, కెమెరాలకు ఎదురుగా ఖాళీ ఉంచండి. ముందు వరసలో నాయకుల అనుచరులను కూర్చోబెట్టి విలేకరులను గోడకు నిలబెట్టే ప్రెస్‌మీట్లు ఇంకా జరుగుతూనే ఉన్నాయి, చూస్తే ఒళ్లు మండుతుంది. ఇబ్బంది పెట్టే ప్రశ్న వస్తే చైర్మన్ చెవిలో గుసగుసలాడకండి, కెమెరాలో అదే బాగా పడుతుంది.

ఎవరిది వాళ్లకే

ఒక విలేకరి తనంతట తాను ఆలోచించుకుని మీ దగ్గరకు వచ్చాడనుకోండి. పాలమూరు నుంచి వలస పోయే కుటుంబాల పిల్లలు మీ హాస్టల్లో ఎంతమంది ఉన్నారు, వాళ్ల చదువు ఎట్లా సాగుతుందని అడిగాడు. మీరు వివరాలు ఇచ్చారు. అదే రోజు సాయంత్రం మంచి వార్త కదా అని ఆ వివరాలన్నీ గ్రూపులో పెట్టారా, ఆయన ఇక మీ గడప తొక్కడు. అడిగినవాడిది అడిగినవాడికే. అందరికీ చెందిన సంగతి మాత్రం అందరికీ ఒకేసారి, ఒకే మెసేజ్‌లో, ఈనాడు ముందు, చిన్న పేపర్ తర్వాత అనే తేడా లేకుండా.

ఆఫ్ ది రికార్డ్ అనే మాట చెప్పే ముందు అనాలి, చెప్పేశాక కాదు. విలేకరి సరే అంటేనే అది ఒప్పందం. నలుగురు కూర్చున్న చోట ఆఫ్ ది రికార్డ్ అనేది లేదనే అనుకోండి, గ్రూప్ మెసేజ్‌లో అయితే నవ్వొస్తుంది.

కవర్లు, యాడ్లు

ప్రెస్‌మీట్ అయ్యాక చేతిలో కవర్ పెట్టే అలవాటు లేదని నేను అనను. మీరు మాత్రం మొదలుపెట్టకండి. ఈసారి ఐదొందలు పెడితే వచ్చేసారి అది రేటు అవుతుంది, తీసుకోని మంచి విలేకరికి మీ మీద గౌరవం పోతుంది, పైగా తీసుకున్నవాడు కూడా మీ ఆస్పత్రిలో గొడవ జరిగిన రోజు రాయాల్సింది రాయక తప్పదు. చాయ్, టిఫిన్, భోజనం మామూలే. అమ్రాబాద్ వైపు నల్లమలలో చెంచుపెంటలకు తీసుకెళ్లాలంటే అందరికీ కలిపి బండి పెట్టండి, దాచాల్సిందేం లేదు. ఎవరైనా నేరుగా అడిగితే "మా దగ్గర ఆ పద్ధతి లేదన్నా, వార్త విషయంలో ఏ సాయం కావాలన్నా అర్ధరాత్రి అయినా చేస్తా" అని ఒకే మాట, ప్రతిసారీ అదే మాట.

యాడ్ అడిగితే విసుక్కోవద్దు, టార్గెట్ ఆయన తప్పు కాదు. ఏడాదికి యాడ్ల కోసం ఇంత అని మీ మేనేజ్‌మెంట్‌తో ముందే అనుకుని, ఎవరికి ఎప్పుడు ఎంత ఇవ్వగలరో తేల్చి పెట్టుకోండి. ఇవ్వగలిగితే రిలీజ్ ఆర్డర్ (యాడ్ వేయమని ఇచ్చే కాగితం), బిల్లు, చెక్కు. ఇవ్వలేకపోతే ఆ రోజే చెప్పండి, "చూద్దాం అన్నా" అని నెల తిప్పుకోవడం కంటే నయం. యాడ్ ఇచ్చాం కాబట్టి వార్త వేయండి అని మాత్రం ఎప్పుడూ అనకండి. ఆస్పత్రి వాళ్లయితే షుగర్‌నో క్యాన్సర్‌నో పూర్తిగా నయం చేస్తామని యాడ్ ఇవ్వకండి, అట్లాంటి వాటిని అడ్డుకోవడానికే 1954 నుంచి ఒక చట్టం ఉంది. ఎన్నికలప్పుడు ఇంకో చిక్కు. మన దగ్గర కాలేజీ చైర్మన్లు పోటీ చేయడం కొత్తేం కాదు, కోడ్ వచ్చాక ఆయన సేవా కార్యక్రమాల నోట్లు పంపుతూ పోతే ఎన్నికల వార్తలు, యాడ్లు చూసే జిల్లా ఎంసీఎంసీ కమిటీ వాటిని పెయిడ్ న్యూస్, అంటే డబ్బిచ్చి వేయించిన వార్తలు అనుకోవచ్చు. ఆ రోజుల్లో ఆయన పేరు లేకుండా నోట్లు రాయండి, లేదా రాయడం ఆపండి.

ఫోన్ మోగుతూనే ఉండే రోజు

పరిచయాలన్నీ అక్కరకొచ్చేది ఇక్కడ. కాలేజీ బస్సు బోల్తా పడింది. లేదా ఆస్పత్రిలో బాలింత చనిపోయింది, బంధువులు గేటు ముందు శవంతో కూర్చున్నారు. మీ ఫోన్‌లో పదిహేను మిస్డ్ కాల్స్. మేనేజ్‌మెంట్ "ఎవరితో ఏం మాట్లాడకు" అంటుంది, లాయర్ అదే అంటాడు, మీకేమో టెన్షన్.

ఫోన్ స్విచాఫ్ చేయొద్దు. ముందు పావుగంటలో మీకు కచ్చితంగా తెలిసిన రెండు మూడు విషయాలు రాసుకుని అందరికీ ఒకే మెసేజ్ పంపండి. "మా కాలేజీ బస్సు బోల్తా పడిన మాట నిజం. విద్యార్థులను ప్రభుత్వ ఆస్పత్రికి తరలిస్తున్నారు. ఎంతమందికి దెబ్బలు తగిలాయో ఇంకా తెలియదు. ఐదున్నరకు మళ్లీ చెప్తాం." అంతే. ఐదున్నరకు కొత్త సంగతి లేకపోయినా మళ్లీ మెసేజ్ పెట్టండి, కొత్తది లేదనే పెట్టండి. ఆ మాట నిలబెట్టుకుంటే విలేకరి పుకార్ల వెనక పరిగెత్తకుండా మీ మెసేజ్ కోసం చూస్తాడు. అంకె ఊహించి చెప్పకండి, ముగ్గురు అని ఆరుగురైతే మీరు దాచారంటారు. తల్లిదండ్రులకు తెలియకముందే పిల్లల పేర్లు ఇవ్వకండి. డ్రైవర్ తాగి ఉన్నాడా, బస్సుకు ఫిట్‌నెస్ ఉందా అని అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. కాగితం మీ చేతిలో ఉంటే చూపించండి, లేకపోతే ఎప్పటికి చూపిస్తారో చెప్పండి. ఫిట్‌నెస్ గడువు దాటిపోయి ఉంటే అది ఎలాగూ ఆర్టీఏ ఆఫీసు నుంచి బయటికి వస్తుంది, మీరు అబద్ధమాడితే రెండో రోజు వార్త ప్రమాదం గురించి కాకుండా మీ అబద్ధం గురించి ఉంటుంది.

ఆస్పత్రి అయితే పేషెంట్ జబ్బు వివరాలు, రిపోర్టులు విలేకరికి ఇవ్వకూడదు, మీ తప్పు లేదని నిరూపించుకోవడానికైనా సరే. "విచారణకు వచ్చిన అధికారులకు రికార్డులు ఇచ్చాం, కుటుంబంతో మాట్లాడుతున్నాం" అనొచ్చు, నిజంగా ఇచ్చి ఉంటేనే, మాట్లాడుతుంటేనే. పిల్లల మీద లైంగిక దాడి కేసయితే పేరు, ఫొటో, స్కూలు, ఇంటి అడ్రస్, ఏ ఆనవాలూ మీ నోట రాకూడదు, పోక్సో చట్టం సెక్షన్ 23 వాటిని బయటపెట్టడాన్ని నిషేధించింది. కుర్ర విలేకరి తొందరలో అడిగితే ఆ సంగతి మెల్లగా గుర్తుచేయండి, ఆయన్నీ కాపాడినట్టు అవుతుంది.

సెక్యూరిటీ గార్డుకు ముందే చెప్పి ఉంచండి, కెమెరా మీద చెయ్యి వేయొద్దని. ఐసీయూలోకి రానివ్వకండి, సరే, గేటు దగ్గర నీడ, మంచినీళ్లు, మాట్లాడే ఒక మనిషి మాత్రం ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ రోజు హైదరాబాద్‌లో పెద్దవాళ్లకు ఫోన్ చేయించి వార్త ఆపించాలని చూడకండి. ఒక్కోసారి ఆగుతుంది కూడా. కానీ మండలంలో ఎండలో నిలబడి వార్త పంపిన మనిషికి అది ఎవరు ఆపించారో సాయంత్రానికి తెలుస్తుంది, మిగతా విలేకరులకూ తెలుస్తుంది. ఆ తర్వాత మీ ప్రతి కంటి శిబిరం నోట్ మీద ఆ కోపం ఉంటుంది.

తప్పు వార్త వస్తే

వార్త నచ్చకపోవడం వేరు, తప్పుగా ఉండటం వేరు. ముందు ఏ వాక్యం తప్పో, దానికి మీ దగ్గర ఏ ఆధారం ఉందో కాగితం మీద పెట్టుకోండి. తర్వాత విలేకరికే ఫోన్ చేయండి, గ్రూపులో తిట్టకండి. తొమ్మిది గంటలకల్లా కాదు, పదకొండుకు, మీ కోపం కాస్త దిగాక. ఆయన వల్ల కాకపోతే బ్యూరో ఇన్‌చార్జి. అక్కడా కాకపోతే ఎడిటర్‌కు రాతపూర్వకంగా వివరణ, అదే రిజాయిండర్, పొట్టిగా, తప్పు వరకే. ఇంతకీ తేలకపోతే పేపర్ల విషయంలో ప్రెస్ కౌన్సిల్ ఉంది, 1978 చట్టం కింద ఏర్పడింది. అయితే ముందు ఎడిటర్‌కు రాసి ఉండాలి, దినపత్రిక అయితే అచ్చయిన రెండు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి. జరిమానాలు వేయదు, తప్పు తేలితే మందలిస్తుంది, అభిశంసిస్తుంది. టీవీ దాని పరిధిలోకి రాదు. పరువునష్టం నోటీసు ఆఖరి మెట్టు, చాలా సందర్భాల్లో అక్కడిదాకా పోవాల్సిన పని ఉండదు, జిల్లాల్లో ఎక్కువ తప్పులు ఫోన్‌తోనే సర్దుకుంటాయి.

మీది తప్పయితే, అంటే నోట్‌లో పేరో అంకో మీరే తప్పు పంపితే, తెలిసిన నిమిషంలో చెప్పేయండి. డెస్క్ ముందు మాట పడేది ఆయన.

చివరిగా నంబర్ల సంగతి

విలేకరులు పేపర్లు మారుతుంటారు. వెలుగులో ఉన్నాయన వచ్చే ఏడు సాక్షిలో ఉండొచ్చు, మండలం ఆయన బ్యూరోకు రావొచ్చు, కొందరు విసిగిపోయి మానేస్తారు కూడా. పేరు, పేపర్, మండలం, ఏ టైమ్‌కు ఫోన్ చేస్తే మాట్లాడతారు, ఏ సంగతుల మీద ఆసక్తి, ఇవన్నీ ఒక పుస్తకంలోనో షీట్‌లోనో రాసుకుని మూడు నెలలకోసారి సరిచేసుకోండి. పేపర్ మానేశారని నంబర్ తీసేయకండి, వాళ్లింట్లో పెళ్లయినా చావైనా కబురొస్తే వెళ్లండి. మీరు సెలవు పెట్టిన రోజు మీ బదులు ఎవరు ఫోన్ ఎత్తుతారో ముందు రోజు సాయంత్రమే గ్రూపులో చెప్పి, ఆ మనిషికి ఈ పుస్తకం ఇచ్చి వెళ్లండి.